యెలోవిత్సాలో ఎదురుబండి

పోయిన వారం కథలో వెలిచ్కాను వేలిన్‌గ్రాద్ స్టేషన్ తలుపు ముందు, వానలో, నోట మాట లేకుండా నిలబెట్టి వచ్చాం.

ప్లోవ్‌దివ్‌లో బయల్దేరి ఎనిమిది రోజులైంది. డెబ్బై ఒక్కేళ్ల వెలిచ్కా, ఆమె పక్కింటి దోన్కా, ముసలివాళ్లకిచ్చే సగం టికెట్ మీద రైళ్లెక్కుతూ దిగుతూ కొండలన్నీ చుట్టి వస్తున్నారు. అన్నిటికంటే చివరికి మిగిల్చుకున్నది ఈ చిన్న పట్టాల బండి. ఇది ఐదు గంటలు కొండలెక్కి దిగి దోబ్రినిష్తేలో ఆగుతుంది. దోబ్రినిష్తేలో వెలిచ్కా అన్నయ్య లాజర్ ఉన్నాడు. అన్నాచెల్లెళ్ల మధ్య మాటలు పోయి ముప్ఫై ఒక్కేళ్లు. శుక్రవారం దాకా వేలిన్‌గ్రాద్‌లో ఆగి వేడినీటి స్నానాలు చేద్దామని దోన్కా ఎంత బతిమాలినా వెలిచ్కా వినలేదు. బుధవారం పొద్దున్నే సంచులు సర్దించింది. తీరా బండెక్కబోతుంటే స్టేషన్ తలుపు మీద అంటించిన చావు కాగితం ఒకటి కంట పడింది. వానకి ఫొటో కరిగి బొగ్గుమరక అయిపోయింది. పేరు మాత్రం నిలిచింది. లాజర్ గ్యురోవ్, డెబ్బై నాలుగేళ్లు, కన్నుమూసి నలభై రోజులు.

అది పోయిన వారం దాకా చెప్పిన కథ. ఇప్పుడు బండి కొండెక్కుతోంది.

వెలిచ్కా కిటికీ పక్కన కూర్చుని ఒళ్లో చేతిసంచిని రెండు చేతులా పట్టుకుంది. ఎవరో లాక్కుపోతారన్నట్టు పట్టుకుంది. వేలిన్‌గ్రాద్ దాటి ముప్పావుగంటైనా ఆమె నోరు విప్పలేదు. సొరంగం వచ్చినప్పుడు కళ్లు మూసుకుంది. సొరంగం పోయినాక తెరిచింది. కింద ఇందాక దాటొచ్చిన పట్టాలే మళ్లీ కనిపించాయి. బండి గుండ్రంగా తిరిగి తన దారి మీదికే ఎక్కుతోంది. ఎంత ఎక్కినా ఆ పట్టాలే, ఆ వంతెనే. ఈ దారి వేసినవాడెవడో గాని, వెనక్కి తిరిగి చూడకుండా మనిషిని ముందుకు పోనివ్వడు.

"తింటావా?" అంది దోన్కా, జున్ను పెట్టిన బానిత్సా రొట్టె ముక్క చాపి. "పొద్దుట్నుంచీ ఏమీ తినలేదు నువ్వు."

"ఆకలి లేదే."

"నీకు ఆకలి లేదా? దేశం మునిగిపోతున్నా రొట్టె వదలవే! వేడినీళ్లలోంచి నన్ను బయటికి లాగినందుకు దేవుడు నీ ఆకలి తీసేసుకున్నట్టున్నాడు."

వెలిచ్కా నవ్వలేదు. దోన్కా భుజాలెగరేసి, ఆ ముక్క తనే తినేసి, తల వెనక్కి వాల్చి నిద్రపోయింది. కూర్చున్నచోట నిద్రపోవడంలో ఆమెను మించినవాళ్లు లేరు.

చెప్పాలనే ఉంది వెలిచ్కాకి. కాని చెబితే నిజమైపోతుంది. చెప్పకపోతే, ఇంకా కాసేపు, ఎక్కడో ఒక చెక్కపని కొట్లో అన్నయ్య మంచుబండికి చట్రం బిగిస్తూనే ఉంటాడు. ఆమె జీవితమంతా ఇంతే. స్టేషన్‌కి గంటన్నర ముందు చేరుకునే మనిషి, బండి తప్పిపోతుందేమోనని రాత్రి మూడుసార్లు లేచి గడియారం చూసుకునే మనిషి. ఆఖరికి దేనికి ఆలస్యంగా వచ్చింది? నలభై రోజులు. నలభై రోజుల క్రితం బయల్దేరి ఉంటే? ఆ రోజుల్లో తను ఏం చేసింది? గులాబీ మురబ్బా పెట్టింది. కిటికీ తెరలు ఉతికింది. దోన్కాతో, ఎండలు తగ్గాక పోదాంలే, అంది.

టికెట్లు చూసే జివ్కో వచ్చాడు. యాభై ఏళ్లుంటాయి. పెద్ద మీసాలు. ఈ బండెక్కేవాళ్లలో సగం మంది చుట్టాలే అతనికి.

"అత్తా, మొహం అలా పెట్టావేం? మా బండి నెమ్మదిగా పోతోందని కోపమా?"

"లేదు నాయనా."

"దిగి పూలు కోసుకుని మళ్లీ ఎక్కేవాళ్లున్నారు మా బండిలో. నిజం. పోయిన వేసవిలో ఒకావిడ పుట్టగొడుగులు కూడా ఏరుకుంది." అతను టికెట్ తిరిగిచ్చాడు. "యెలోవిత్సాలో పది నిమిషాలాగుతాం. ఎదురుబండి రావాలి. కాళ్లు చాపుకోండి కాస్త."

అతను వెళ్లిపోయాక పెట్టెకి అవతలి చివర ఒకామె లేచింది. నల్ల తలగుడ్డ, నల్ల ఉన్నికోటు, మోచేతికి బుట్ట. సీటు సీటు దగ్గరా ఆగుతోంది. బుట్టలోంచి చిన్న కాగితపు గిన్నెలు తీసి ఇస్తోంది. ఉడకబెట్టిన గోధుమలు, పైన చక్కెరపొడి, అక్రోటు పలుకులు. తీసుకున్న ప్రతివాళ్లూ, "దేవుడు మన్నించుగాక" అని చెంచా ముంచుతున్నారు. చనిపోయినవాళ్ల పేరు మీద ఇచ్చినది వద్దనకూడదు.

ఆమె వెలిచ్కా ముందుకొచ్చింది.

"తీసుకోండమ్మా. మా లాజర్ పేరు మీద. ఈరోజుతో నలభై రోజులు."

గిన్నె వెలిచ్కా చేతిలోకొచ్చింది. గిన్నె ఒరిగి చక్కెరపొడి పావడా మీద పడింది.

"లాజర్... గ్యురోవ్?"

"అవునమ్మా. మీకు తెలుసా?"

ఈమేనన్నమాట. మాటలు పోయాక రెండేళ్లకి, నలభై అయిదేళ్ల వయసులో లాజర్ పెళ్లి చేసుకున్నాడని ఎవరి ద్వారానో తెలిసింది. ఆమె పేరు కూడా వెలిచ్కాకి తెలియదు. పెళ్లికి పిలుపు రాలేదు. వచ్చినా వెళ్లేదా? ఏమో. మెత్తటి మొహం. కళ్ల కింద ఉబ్బు. ఈ చేతులు తన అన్నయ్యకి ముప్ఫై ఏళ్లు వండిపెట్టాయి.

"కూర్చోమ్మా," అంది వెలిచ్కా. "ఇలా నా పక్కన కూర్చో. నీ పేరేంటి?"

"రాయ్నా."

"రాయ్నా, నేను నీకు ఆడపడుచుని."

ఆమె తేరిపార చూసింది. "నాకు ఆడపడుచు లేదే."

"ఉన్నాను. నా గురించి చెప్పి ఉండడు. చెప్పకపోవడం వాడి తప్పు కాదు, నాదే. అమ్మ పోయినప్పుడు నేను వాడికోసం ఆగలేదు. టెలిగ్రాం ఇచ్చాను. మంచు పడి ఈ బండే, ఈ కొండ మీదే, ఒక రాత్రంతా ఇరుక్కుపోయింది. పాదిరి ఇంక ఆగడానికి వీల్లేదన్నాడు. నేను సరే అన్నాను. మర్నాడు వాడు నడుం దాకా తడిసి వచ్చాడు. మట్టి కప్పేశాం అప్పటికే. 'ఒక్క రాత్రి ఆగలేకపోయావా?' అన్నాడు. నేనేమన్నానో తెలుసా? 'అమ్మ నీకోసం పన్నెండు రోజులు ప్రాణం పట్టుకుని ఆగింది' అన్నాను. పెట్టె కిందపెట్టనైనా పెట్టలేదు వాడు. అలాగే తిరిగి వెళ్లిపోయాడు. వెళ్తున్నవాళ్ల వెనక నీళ్లు చల్లుతాం కదా, దారి చల్లగా సాగాలని. చెంబు చేతిలోనే ఉంది. కావాలనే పూలకుండీలో పోశాను."

రాయ్నా ఏదో అనబోయింది. వెలిచ్కా ఆగలేదు. ముప్ఫై ఒక్కేళ్లుగా ఆగిన మాట, ఇప్పుడెలా ఆగుతుంది?

"వాడు పోయేముందు నన్నేమైనా తిట్టాడా? చెప్పు ఫరవాలేదు. తిట్టినా తలుచుకున్నట్టేగా."

"అమ్మా, ఆగండి," అంది రాయ్నా, వెలిచ్కా మోచేతి మీద చెయ్యి వేసి. "ఎవరి తల్లి? మా అత్తగారిని సాగనంపింది నేనే. ఆగస్టు నెల. ఆ ఎండకి పాడె మోసేవాళ్లు రెండుసార్లు ఆగి బీరు తాగారు. మంచు ఎక్కడిది?"

వెలిచ్కాకి అర్థం కాలేదు.

"మా ఆయనకి ఒక్కడే తమ్ముడు," అంది రాయ్నా. "వాడూ మేకలా మొండివాడు. చెల్లెళ్లు లేరు. మీ నాన్నగారి పేరేమిటి?"

"పెత్కో. పెత్కో గ్యురోవ్."

"మా మామగారు ఇలియా."

బండి వంతెన మీదికెక్కి దడదడలాడింది.

ఇలియా. నాన్నకి అన్న. పొలం గట్టు గొడవలో విడిపోయి వేలిన్‌గ్రాద్‌లో స్థిరపడిన పెదనాన్న. ఆయన కొడుకు చిన్నప్పుడు తన ఏప్రన్ జేబులో కప్పని వేసినవాడు. వాడి పేరు... వాడిని ఎవరూ పేరుపెట్టి పిలవలేదు. నల్లగా ఉండేవాడని ఊరంతా 'చెర్న్యో' అనేది.

"చెర్న్యో!" అంది వెలిచ్కా.

"చెర్న్యోనే! కాగితం మీద ఆ ముక్క కూడా రాయించాను, లేకపోతే ఎవరికి తెలుస్తుందని. బ్రాకెట్లో ఉందిగా?"

"వానకి పోయింది."

"హా!" అని రాయ్నా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "దేవుడా! మీ తాత పేరు లాజర్. ఇద్దరు కొడుకులూ తమ తమ పెద్దవాడికి ఆ పేరే పెట్టారు. పెట్టకపోతే ముసలాయన ఊరుకుంటాడా? వారం తేడాలో పుట్టారట ఇద్దరూ. అంటే, అమ్మా, మీరు..."

"మా లాజర్?" అంది వెలిచ్కా. "మా లాజర్ సంగతి నీకు తెలుసా?"

"తెలియకేం? మా ఆయన్ని మట్టిలో దించేటప్పుడు ముందు పట్టింది ఆయనేగా! రాయిలా ఉన్నాడు మనిషి. పళ్లు కూడా సొంతవే."

వెలిచ్కా ఏడవలేదు. ఏడుపు తర్వాతెప్పుడో వస్తుంది. ముందు ఊపిరి వచ్చింది. వేలిన్‌గ్రాద్ స్టేషన్ తలుపు దగ్గర లోపలికి తీసుకున్న ఊపిరి, ఇన్ని సొరంగాలు దాటాక, ఇప్పుడు బయటికొచ్చింది. దాని వెంట నవ్వు. ఆపుకోలేని నవ్వు. ఎదుటి సీటు ముసలాయన చెంచా నోట్లో పెట్టుకునే తనూ నవ్వాడు, ఎందుకో తెలియకుండానే.

ఆ నవ్వుకే దోన్కా ఉలిక్కిపడి లేచింది. "ఏంటి? ఏంటి? ఎవరు చచ్చిపోయారు?"

"మా అన్నయ్య పోలేదే దోన్కా! స్టేషన్ తలుపు మీద చావు కాగితం చూసి వాడే అనుకున్నాను!"

"పోవడమేమిటి? లాజరా? సోమవారం నాతో మాట్లాడాడుగా!"

అన్నాక దోన్కా నాలుక కరుచుకుంది. ఆలస్యమైపోయింది. వెలిచ్కా నవ్వు ఆగిపోయింది.

"ఏమన్నావు?"

"ఏమీ అనలేదు. నిద్రమత్తు."

"దోన్కా!"

"సరే! ఫోన్ చేశాను. ఏం, చెయ్యకూడదా? దోబ్రినిష్తే గ్రంథాలయానికి చేసి, నెంబరు కనుక్కుని, చేశాను. మీ చెల్లెలు వేలిన్‌గ్రాద్‌లో వేడినీళ్లలో ఉడుకుతోంది, శుక్రవారం మీ ఊరొస్తుంది అన్నాను."

"నాకు చెప్పకుండా?"

"చెబితే నన్ను చెయ్యనిస్తావా? ముప్ఫై ఏళ్ల బట్టి గోడవతల నుంచి నీ నిట్టూర్పులు వింటున్నాను. నా మొగుడు గురక పెట్టినా ఇంత విసుగు రాలేదు. అయినా నువ్వేం చేశావు? ఆ కాగితం చూసి, గంటసేపు నా పక్కన కూర్చుని, ఒక్కమాట చెప్పలేదు! అడిగి ఉంటే అప్పుడే చెప్పేదాన్ని, బతికే ఉన్నాడే పిచ్చిదానా అని."

గంటసేపు, ఎంగిలి పడకుండా, చచ్చినంత పని చేసుకుంది తను. అడిగితే సరిపోయేది. ముప్ఫై ఒక్కేళ్ల నాడు కూడా ఇంతేనేమో. అడిగితే సరిపోయేదేమో.

"ఏమన్నాడు?"

"ఏమంటాడు, మీ ఇంటివాడేగా. ముందు ఏమీ అనలేదు. ఫోన్ తెగిపోయిందనుకున్నాను. తర్వాత, ఏ హోటలు, అన్నాడు. చెప్పాను. పెట్టేశాడు. వస్తాననీ అనలేదు, రావొద్దనీ అనలేదు. అందుకే నీకు చెప్పలేదు. ఏం చెప్పను?"

"నాతోనూ అలాగే అన్నాడు," అంది రాయ్నా. "నలభయ్యో రోజుకి యెలోవిత్సా రమ్మంటే, 'ఈ వారం పనుంది, ఏమీ అనుకోకు వదినా' అన్నాడు. ఏం పనో చెప్పలేదు."

ఆ 'వదినా' అన్న మాటతో వెలిచ్కాకి ఒళ్లు తెలిసింది. ఎవరి పక్కన కూర్చుని నవ్వుతోంది తను? ఈమె భర్త పోయి నలభై రోజులు. ఈమె బుట్టలో గోధుమలు తన అన్న పేరు మీదవి కానందుకు పండగ చేసుకుంది.

"వదినా," అంది. "నన్ను మన్నించు. సిగ్గులేకుండా నవ్వాను."

రాయ్నా బుట్ట మీది తెల్లగుడ్డ సరిచేసింది. కళ్లలో నీళ్లు తిరిగాయి, పడలేదు.

"నలభై రోజులుగా ఆ పేరెత్తితే అందరూ గొంతు తగ్గిస్తున్నారు," అంది. "ఆ పేరు విని ఒక్కళ్లైనా నవ్వారు ఇవాళ. చెర్న్యో ఉంటే ఆయనే ముందు నవ్వేవాడు. తన చావుతో ఒకావిణ్ని కొండ మీద గంటసేపు హడలగొట్టాడంటే, వారం రోజులు చెప్పుకునేవాడు. తినండి ముందు. చక్కెర కరిగిపోతోంది."

వెలిచ్కా తింది. "దేవుడు మన్నించుగాక" అంది, ఈసారి ఏ లాజర్ గురించో తెలిసి. ఒక్క పలుకు మిగల్చలేదు. కప్పని జేబులో వేసిన ఆ కుర్రాణ్ని తలుచుకుని, ఆఖరి గింజ కూడా చెంచాతో గీరి తింది. దోన్కా, రాయ్నా తనకిచ్చిన గిన్నె కూడా ఇటు తోసింది.

యెలోవిత్సా వచ్చింది. వాన వెనకే ఉండిపోయింది. ఇక్కడ ఎండ. ఫర్ చెట్ల మధ్య ఒక పసుపు గది, రెండు వరసల పట్టాలు, నీళ్ల పంపు. చెర్న్యోని పాతిపెట్టిన తాతగారి ఊరు పైన, అర మైలు నడక. రాయ్నా ఇక్కడే దిగాలి.

"నేను పట్టుకుంటా," అని వెలిచ్కా బుట్ట అందుకుని ఆమె వెనక మెట్లు దిగింది. కాళ్లు తేలిగ్గా ఉన్నాయి. ఇంత తేలిగ్గా ఎప్పుడున్నాయో గుర్తులేదు. అన్నయ్య తలుపు తియ్యకపోవచ్చు, తీసి మొహం మీద వెయ్యవచ్చు. వెయ్యనీ. తలుపు వెయ్యడానికి ఒక చెయ్యి ఉంది లోపల. అది చాలు ఇవాళ్టికి.

"వచ్చేటప్పుడు మా ఇంట్లో దిగాలి మీరిద్దరూ," అంటోంది రాయ్నా. "దిగకపోతే ఊరుకోను."

అంతలో ఎదురుబండి కూసింది. దోబ్రినిష్తే నుంచి వచ్చేది. మలుపు తిరిగి, పొగలు కక్కుతూ, అవతలి పట్టాల మీద వచ్చి ఆగింది. రెండు బండ్ల మధ్య సన్నటి గట్టు, దాని మీద ఇద్దరు ఆడవాళ్లు, ఒక బుట్ట. జివ్కో ఎదురుబండి టికెట్లాయనతో ఏదో అరిచి నవ్వాడు.

సరిగ్గా వాళ్ల తలల పైనే ఒక కిటికీ అద్దం కిందికి జారింది.

"వదినా!"

ముసలాయన. తెల్లటి పొట్టి జుట్టు, ఎర్రటి మెడ, పెళ్లికెళ్లేవాడిలా టై కట్టుకున్నాడు. టై ముడి ఒక పక్కకి పోయింది. వెలిచ్కా తలెత్తి చూసింది. ఆ చెవులు. నాన్న చెవులు.

"ఏమయ్యా!" అంది రాయ్నా, వెలిచ్కా వైపు ఒక్కసారి చూసి, కావాలనే తాపీగా. "పనుందని చెప్పి షికారు పోతున్నావా?"

"షికారు కాదు వదినా. కోపం తెచ్చుకోకు. వేలిన్‌గ్రాద్ పోతున్నాను. మా చెల్లెలు వచ్చిందట. శుక్రవారం తనే మా ఊరొస్తుందన్నారు. రెండు రోజులు ఆగుదామనే అనుకున్నాను. నిన్న రాత్రి ఆగలేకపోయాను." ఆయన రుమాలుతో మెడ తుడుచుకున్నాడు. "ఎదురుపడితే గుర్తుపడతానో లేదోనని ఒకటే బెంగ."

"గుర్తుపట్టకుండా ఎలా పోతావు, సొంత చెల్లెల్ని!"

"అంతేలే. వెలిచ్కాని గుర్తుపట్టకపోవడమేమిటి. ఇలా, నిటారుగా ఉంటుంది మనిషి. పొడుగు జడ." అప్పుడు ఆయన చూపు బుట్ట మీదికి, బుట్ట పట్టుకున్న మనిషి మీదికి వచ్చింది. మర్యాదగా తల ఊపాడు. "ఈ పెద్దావిడెవరు? మీ అమ్మ తరఫువాళ్లా?"

పైన కిటికీలోంచి దోన్కా "ఓరి దేవుడో" అంది.

ఎన్నో మాటలు అనుకుంది వెలిచ్కా, ముప్ఫై ఒక్కేళ్లలో. క్షమించు అన్నయ్యా, అనుకుంది. ఒక్క రాత్రి ఆగాల్సింది, అనుకుంది. అద్దం ముందు నిలబడి కూడా చెప్పుకుంది. ఒక్కటీ రాలేదు. నోరు తెరిస్తే, తొమ్మిదేళ్లప్పటి గొంతు వచ్చింది.

"పెద్దావిడట, పెద్దావిడ! నీకన్నా మూడేళ్లు చిన్నదాన్నిరా గుడ్డోడా!"

లాజర్ చేతిలోంచి రుమాలు జారి పట్టాల మీద పడింది. నోరు తెరిచాడు. మాట వచ్చేలోగా ఆయన బండి కూసింది. పెట్టెలు ఒకదాన్నొకటి గుద్దుకుని, ఒక్క కుదుపు కుదిపి, వేలిన్‌గ్రాద్ వైపు కదిలాయి.